"నా మెడికేర్ జోలికి రాకండి": ప్రభుత్వ వైద్యంపై అమెరికా సామాన్యుల తిరుగుబాటు

2009 వేసవిలో సౌత్ కరోలినా రాష్ట్రం సింప్సన్‌విల్‌లో రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు బాబ్ ఇంగ్లిస్ తన నియోజకవర్గ ప్రజలతో సమావేశం పెట్టారు. ఒబామా తేబోతున్న ఆరోగ్య బీమా బిల్లు మీద మాటామాటా పెరుగుతుండగా ఒక పెద్దాయన లేచి, ప్రభుత్వం తన మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) మీద చెయ్యి వేయడానికి వీల్లేదని తెగేసి చెప్పాడు. మెడికేర్‌ను నడిపేదే ప్రభుత్వమని ఇంగ్లిస్ మర్యాదగానే నచ్చజెప్పబోయారు. ఆయన వింటే కదా!

ఆ మాట పత్రికలకెక్కి నవ్వులపాలైంది. జనానికి ఏమీ తెలియదనడానికి నిదర్శనంగా ఇప్పటికీ దాన్నే చూపిస్తుంటారు. నవ్వి వదిలేయాల్సిన మాట కాదని నా అభిప్రాయం. ఆ పెద్దాయన పొరబడింది మెడికేర్‌ను ఎవరు నడుపుతున్నారన్న విషయంలో మాత్రమే. తనకు నష్టం ఎటునుంచి రావచ్చన్న విషయంలో అంతగా పొరబడలేదు. కొత్తగా కోట్లమందికి బీమా ఇవ్వడానికి అయ్యే ఖర్చులో పెద్ద భాగాన్ని మెడికేర్ చెల్లింపుల పెరుగుదలకు కళ్లెం వేసి రాబట్టాలన్నది ఒబామా పక్షం ఆలోచన. పదేళ్లలో దాదాపు 50 వేల కోట్ల డాలర్లు. తన కంచంలోంచి తీసి పక్కవాడికి వడ్డిస్తారేమోనని ఆయన భయపడ్డాడు. ఏడాది తిరక్కముందే ఇంగ్లిస్ సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలో చిత్తుగా ఓడిపోయారు.

ప్రభుత్వం వైద్యంలోకి మరింతగా వస్తానన్న ప్రతిసారీ అమెరికాలో సామాన్యులు రోడ్డెక్కారు. ఎందుకని అడిగితే రెండు రెడీమేడ్ సమాధానాలు దొరుకుతాయి. అది స్వేచ్ఛా పిపాస అంటుంది ఒక వర్గం. బీమా కంపెనీలు డబ్బిచ్చి ఆడించిన నాటకం అంటుంది మరో వర్గం. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ఎనభై ఏళ్ల చరిత్ర చూస్తే కనిపించేది ఇంకొకటి: చేతిలో ఉన్నది పోతుందన్న భయం.

ఎవరి దగ్గర ఏముంది

ప్రభుత్వం వైద్యం చేయిస్తానంటే వద్దనేవాళ్లు కూడా ఉంటారా అని తెలుగు పాఠకుడికి అనిపించడం సహజం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు దాన్ని సిద్ధాంతరీత్యా వ్యతిరేకిస్తూ ఊళ్లలో ఎవరూ జెండా పట్టలేదు. తర్వాత వచ్చిన గొడవలన్నీ బకాయిల గురించీ, ఏ జబ్బు జాబితాలో ఉంది, ఏది లేదన్న దాని గురించీ. కారణం సులువే. తెల్లకార్డు కుటుంబానికి అంతకుముందు పోగొట్టుకోవడానికి ఏ బీమా లేదు. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మడమో, వడ్డీకి తేవడమో.

అమెరికా పరిస్థితి అది కాదు. అక్కడ చాలామందికి ఏదో ఒక బీమా ముందే ఉంది. అది వాళ్ల చేతికి వచ్చిన తీరు మాత్రం విచిత్రం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ధరలను అదుపులో ఉంచడానికి 1942లో ప్రభుత్వం జీతాల పెంపుపై ఆంక్షలు పెట్టింది. పనివాళ్లు దొరకని రోజులు. జీతం పెంచే వీల్లేని కంపెనీలు ఆరోగ్య బీమాను ఎర చూపాయి. యజమాని కట్టే ఆ ప్రీమియం మీద ఉద్యోగికి పన్ను ఉండదని 1954 పన్ను చట్టం ఖాయం చేసింది. యుద్ధకాలపు సర్దుబాటు కాస్తా దేశపు వైద్య వ్యవస్థకు పునాది అయి కూర్చుంది. 1965లో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్, పేదల్లో కొన్ని వర్గాలకు మెడికెయిడ్ వచ్చాయి.

వీటి మధ్య సందుల్లో పడిపోయినవాళ్లు చిన్న దుకాణాల్లో పనిచేసేవాళ్లు, సొంత పని చేసుకునేవాళ్లు, ఉద్యోగాల మధ్య ఉన్నవాళ్లు, ముందే జబ్బుందని కంపెనీలు తిప్పి పంపినవాళ్లు. 2009 నాటికి బీమా లేనివాళ్లు దాదాపు 4.6 కోట్లు. అక్కడ పనిచేసే మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు ఈ లెక్క బాగా తెలుసు. ఉద్యోగం పోతే వీసా గడువుతో పాటు బీమా గడువునూ లెక్కపెట్టుకోవాలి. అమ్మానాన్నలను తీసుకెళ్లినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. గ్రీన్ కార్డు వచ్చిన 65 ఏళ్ల తల్లి అక్కడ పనిచేసిన చరిత్ర లేకుండా డబ్బు కట్టి మెడికేర్‌లో చేరాలంటే సాధారణంగా ఐదేళ్లు ఆగాలి. ఆ ఐదేళ్లకు ఆమెకు దారి చూపింది, తర్వాతి కాలంలో, ఒబామా తెచ్చిన చట్టమే.

ఇక రాజకీయ గణితం చూడండి. అప్పట్లో దాదాపు ఆరుగురిలో ఒకరికి బీమా లేదు, ఐదుగురికి ఉంది. లేనివాడు సాధారణంగా ఓటుకూ దూరమే, సభకూ దూరమే. ఉన్నవాడు రిటైరై, తీరిగ్గా ఉండి, ఓటు తప్పకుండా వేసేవాడు. ఆ ఐదుగురితో "మీకేమీ కాదు, మమ్మల్ని నమ్మండి" అని చెప్పాల్సిన పని ప్రభుత్వానిది. వాషింగ్టన్ మాట మీద నమ్మకం తక్కువైన దేశంలో అంతకన్నా కష్టమైన పని లేదు.

డాక్టరు బొమ్మ, కాఫీ కప్పు

ఈ భయాన్ని ఉద్యమంగా మలిచే విద్యను మొదట నేర్చుకున్నది డాక్టర్లు. అధ్యక్షుడు ట్రూమన్ 1945 నవంబరులో జాతీయ ఆరోగ్య బీమాను ప్రతిపాదించారు. 1948 ఎన్నికల్లో ఆయన గెలిచేసరికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఉలిక్కిపడింది. సభ్యులందరి దగ్గరా తలా 25 డాలర్లు వసూలు చేసి, కాలిఫోర్నియాకు చెందిన విటేకర్ అండ్ బాక్స్‌టర్ అనే ప్రచార సంస్థకు బాధ్యత అప్పగించింది. భార్యాభర్తలు నడిపే సంస్థ అది. ఎన్నికల ప్రచారాన్నే వృత్తిగా చేసుకున్న తొలి తరం వాళ్లు. 1949లో ఈ ప్రచారానికి సుమారు 15 లక్షల డాలర్లు ఖర్చయింది. ఆ రోజులకు కళ్లు తిరిగే మొత్తం.

వాళ్లు డబ్బును ఎక్కడ పెట్టారన్నది గమనించాలి. జబ్బుపడిన బిడ్డ పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న వైద్యుడి బొమ్మ ఒకటుంది, ఆంగ్ల చిత్రకారుడు ల్యూక్ ఫిల్డ్స్ గీసినది. దాన్ని పోస్టర్‌గా అచ్చేసి, ఈ బొమ్మలోకి రాజకీయాలను రానివ్వకండి అని కింద రాసి, దేశమంతటా డాక్టర్ల వెయిటింగ్ గదుల్లో తగిలించారు. రోగి తన వంతు కోసం ఎదురుచూస్తూ ఇంకేం చేస్తాడు, దాన్నే చూస్తాడు. పైగా చెబుతున్నది రాజకీయ నాయకుడు కాదు, తన పిల్లల్ని చూసే డాక్టరు. కరపత్రాల్లో లెనిన్ అన్నాడంటూ ఒక మాట కూడా చేర్చారు: ప్రభుత్వ వైద్యం సోషలిస్టు రాజ్యానికి మూలస్తంభం అని. లెనిన్ ఎక్కడ అన్నాడో చూడమంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఆ మాట ఎక్కడా దొరకలేదు. ట్రూమన్ ప్రణాళిక మాత్రం అటకెక్కింది.

1961లో కెనెడీ హయాంలో వృద్ధులకు ఆసుపత్రి బీమా బిల్లు వచ్చింది. ఈసారి రంగంలోకి దిగింది డాక్టర్ల భార్యలు. ఇరుగుపొరుగు ఆడవాళ్లను ఇంటికి కాఫీకి పిలవడం, గ్రామఫోను మీద ఒక రికార్డు పెట్టడం, అది అయిపోయాక కాగితాలూ కలాలూ అందించి కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాయించడం. రికార్డులో వినిపించే గొంతు అప్పటికి సినిమా, టీవీ నటుడిగానే పేరున్న రోనాల్డ్ రీగన్‌ది. ఈ బిల్లు నెగ్గితే మెల్లగా దేశమంతా సోషలిజం పాలవుతుందని, ఒకప్పుడు మనుషులు స్వేచ్ఛగా బతికేవాళ్లని మన పిల్లలకు కథలుగా చెప్పుకోవాల్సి వస్తుందని ఆయన హెచ్చరించారు. ఉత్తరాలు ఎవరి మాటల్లో వాళ్లు, చేత్తో రాయాలన్నది నియమం. అప్పుడే అవి ఎవరో రాయించినట్టు అనిపించవు. ఆపరేషన్ కాఫీ కప్ అన్నది ఈ కార్యక్రమం పేరు.

ఇది జనోద్యమమా, సంఘం నడిపిన లాబీయింగా? ఆ గృహిణుల ఆందోళన నటన కాదు. రికార్డు, కాగితాలు, చిరునామాలు మాత్రం సంఘానివి. తర్వాత వచ్చిన ప్రతి ఉద్యమంలోనూ ఈ రెండూ ఇలాగే కలగలిసి ఉంటాయి. విడదీయబోతే రెండూ అర్థం కావు.

అమెరికా సరిహద్దు దాటినా కథ ఇదే. కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రం 1962 జూలై 1న అందరికీ ప్రభుత్వ వైద్య బీమా అమలు చేయగానే డాక్టర్లు 23 రోజులు సమ్మె కట్టారు. మా డాక్టర్లను మాకు ఉంచండి అంటూ ఊరూరా తల్లులు కమిటీలు వేసుకున్నారు. జూలై 11న రెజైనాలో శాసనసభ ముందు వాళ్లు పెట్టిన సభకు పదుల వేలమంది వస్తారని ప్రచారం జరిగితే వచ్చింది దాదాపు ఐదు వేలు. ఉద్యమం అక్కడితో నీరసించింది. పదేళ్లలోపే ఆ పద్ధతి కెనడా అంతటా పాకింది. ఈరోజు దాన్ని ఎత్తేస్తామనే ధైర్యం అక్కడ ఏ పెద్ద పార్టీకీ లేదు.

చట్టసభ పెద్ద పరుగెత్తిన రోజు

నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో అసలు సిసలు జనాగ్రహం 1989లో కనిపించింది. దాన్ని ఇప్పుడు ఎవరూ పెద్దగా తలుచుకోరు.

కాఫీ కప్పు రికార్డులో హెచ్చరించిన రీగనే అధ్యక్షుడిగా 1988 జూలై 1న మెడికేర్‌ను విస్తరించే చట్టం మీద సంతకం చేశారు. ఆ కార్యక్రమం పుట్టాక అప్పటిదాకా జరిగిన అతిపెద్ద విస్తరణ అది. దీర్ఘకాలం ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే వృద్ధుడి జేబు నుంచి పోయే ఖర్చుకు పరిమితి, మందుల ఖర్చుకు సాయం అందులో ఉన్నాయి. వృద్ధుల సంఘాల్లో అతిపెద్దదైన ఏఏఆర్‌పీ మద్దతిచ్చింది. రెండు పార్టీలూ కలిసి నెగ్గించాయి. ఇంకేం కావాలి అనుకున్నారు వాషింగ్టన్‌లో.

చిక్కు ఖర్చు దగ్గర వచ్చింది. ఈ సౌకర్యానికయ్యే డబ్బంతా వృద్ధులే కట్టుకోవాలి. కాస్త ఆదాయం ఉన్నవాళ్లు దాన్నిబట్టి అదనంగా, మొదటి ఏడాదికి గరిష్ఠంగా 800 డాలర్ల దాకా చెల్లించాలి. గరిష్ఠ మొత్తం పడేది కొద్దిమందికే. కానీ అలాంటివాళ్లలో చాలామందికి పాత కంపెనీ నుంచో, సొంతంగా కొనుక్కున్న పాలసీ నుంచో అదే రక్షణ ముందే ఉంది. ఉన్నదానికే మళ్లీ డబ్బు కట్టమంటారా అన్నది వాళ్ల ప్రశ్న. వృద్ధుల పేరుతో నడిచే మరో సంఘం పంపిన ఉత్తరాలు ఈ నిప్పును రాజేశాయి. 800 డాలర్లు తమకూ పడుతుందని, పడనివాళ్లు కూడా నమ్మారు. ఆ సంఘాన్ని స్థాపించింది ఎవరో కాదు, వృద్ధుల పింఛను పథకం తెచ్చిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కొడుకు జేమ్స్.

1989 ఆగస్టు 17న షికాగోలో పన్నుల వ్యవహారాలు చూసే కాంగ్రెస్ కమిటీ ఛైర్మన్ డాన్ రోస్టెన్‌కౌస్కీ వృద్ధుల సంఘాల ప్రతినిధులతో మాట్లాడి బయటికి వచ్చారు. ప్లకార్డులు పట్టుకున్న వృద్ధులు చుట్టుముట్టారు. పిరికివాడా అని అరిచారు. కారెక్కితే కారును ప్లకార్డులతో బాదారు. ఒక పెద్దావిడ బానెట్ మీదికెక్కి కదలనివ్వలేదు. దేశంలో అత్యంత శక్తిమంతుల్లో ఒకరైన ఆయన కారు దిగి, పెట్రోలు బంకు గుండా పరుగెత్తి, అవతల వచ్చి ఆగిన కారెక్కి బయటపడాల్సి వచ్చింది. ఇదంతా టీవీ కెమెరాల ముందు. ఆ నవంబరులో కాంగ్రెస్ ఆ చట్టాన్ని దాదాపు మొత్తంగా రద్దు చేసింది.

ఆ పెద్దావిడ ప్రభుత్వ వైద్యానికి వ్యతిరేకి కాదు. ఆమె మెడికేర్ లబ్ధిదారు. ఇరవై ఏళ్ల తర్వాత సింప్సన్‌విల్‌లో లేచిన పెద్దాయనకు ఆమె వరసకు అక్క అవుతుంది.

2009 ఆగస్టు

పన్నులనూ ప్రభుత్వ ఖర్చునూ వ్యతిరేకించే టీ పార్టీ ఉద్యమం ఆరోగ్య బీమా మీద పుట్టలేదు. 2009 ఫిబ్రవరి 19న షికాగో కమోడిటీ మార్కెట్ నుంచి టీవీ వ్యాఖ్యాత రిక్ సాంటెల్లి, ఇంటి అప్పు కట్టలేనివాడి భారాన్ని కడుతున్నవాడు ఎందుకు మోయాలని కేకలు వేయడంతో ఆ పేరు జనంలోకి వెళ్లింది. ఏప్రిల్ 15న, పన్ను రిటర్నులకు గడువు ముగిసే రోజున, వందల ఊళ్లలో ప్రదర్శనలు జరిగాయి. ఆగస్టులో కాంగ్రెస్‌కు సెలవులు. సభ్యులు సొంత ఊళ్లకు వెళ్లి సమావేశాలు పెడతారు. మామూలుగా ఇరవై ముప్పై మంది వచ్చి రోడ్ల గురించీ పింఛన్ల గురించీ అడిగిపోయే సమావేశాలవి. ఆ ఏడాది టెక్సస్‌లోని ఆస్టిన్‌లో లాయిడ్ డాగెట్, ఫిలడెల్ఫియాలో ఆర్లెన్ స్పెక్టర్, ఇంకా డజన్లకొద్దీ సభ్యులు జనం హోరులో నోరు మెదపలేకపోయారు.

కనెటికట్‌కు చెందిన ఒక కార్యకర్త రాసిన చిన్న పత్రం చేతులు మారింది. అందరూ ఒకేచోట కాకుండా హాలంతా పరుచుకుని, ముందు వరుసల్లో కూర్చోండి, మాట్లాడేవాణ్ణి మొదటి నిమిషాల్లోనే తడబడేలా చేయండి అన్నది దాని సారాంశం. డెమోక్రాట్లకు ఇది కుట్రకు సాక్ష్యంగా కనిపించింది. స్టేడియంలో పరిచే ప్లాస్టిక్ గడ్డితో, అంటే జనంలో వేళ్లు లేని నకిలీతో, ఈ ఉద్యమాన్ని పోల్చారు స్పీకర్ నాన్సీ పెలోసీ.

డబ్బు సంగతి అబద్ధం కాదు. మాజీ రిపబ్లికన్ నేత డిక్ ఆర్మీ అధ్యక్షుడిగా ఉన్న ఫ్రీడమ్‌వర్క్స్ శిక్షణా శిబిరాలు నడిపింది. వ్యాపారవేత్తలైన కోక్ సోదరుల అండతో పుట్టిన అమెరికన్స్ ఫర్ ప్రాస్పరిటీ బస్సులు తిప్పింది. ఒకప్పుడు పెద్ద ఆసుపత్రుల గొలుసుకు అధిపతిగా ఉండి తర్వాత ఫ్లోరిడా గవర్నరైన రిక్ స్కాట్ సొంత డబ్బుతో టీవీ ప్రకటనలు ఇప్పించారు. అన్నిటికన్నా గడుసు పని బీమా కంపెనీల సంఘానిది. పైకి ఒబామాతో చర్చలు జరుపుతూనే, బిల్లును వ్యతిరేకిస్తున్న అమెరికా వాణిజ్య మండలికి 8.6 కోట్ల డాలర్లు అందించినట్టు మరుసటి ఏడాది వార్తా సంస్థ బ్లూమ్‌బర్గ్ బయటపెట్టింది.

అయినా, కోపాన్ని అద్దెకు తేవడం కుదరదు. పరిశోధకులు థీడా స్కాచ్‌పోల్, వనెసా విలియమ్‌సన్ ఊళ్లలోకి వెళ్లి ఈ బృందాలతో కూర్చుని చూశారు. దేశమంతటా వెయ్యి దాకా స్థానిక బృందాలు. చర్చి హాళ్లలో, రెస్టారెంట్ల వెనక గదుల్లో చందాలు వేసుకుని కలుసుకునేవాళ్లు. ఎక్కువమంది మధ్యవయసు దాటిన తెల్లజాతి మధ్యతరగతి. చాలామంది మెడికేర్, సోషల్ సెక్యూరిటీ పింఛను తీసుకుంటున్నవాళ్లే. వాటి మీద వాళ్లకు ఏ ఫిర్యాదూ లేదు. జీవితాంతం పనిచేసి పన్ను కట్టాం, ఇవి మా కష్టార్జితం అన్నది వాళ్ల భావన. కోపమంతా కష్టపడకుండా తీసుకుంటారని వాళ్లు అనుకునేవాళ్ల మీద. వలసదారులు, యువకులు, పేదలు. ఈ గీతకు రంగుతో సంబంధం లేదని చెప్పడం అమాయకత్వమే. ఒబామాను ఆఫ్రికా భూతవైద్యుడిగా చూపించిన బొమ్మలు ఆ ప్రదర్శనల్లో తిరిగాయి.

అబద్ధాలూ తిరిగాయి. మరణం దగ్గరపడినప్పుడు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో వృద్ధుడు తన డాక్టరుతో ముందే మాట్లాడుకుంటే ఆ సమయానికి మెడికేర్ డబ్బు చెల్లించాలని బిల్లులోని 1233వ సెక్షన్ చెప్పింది. ఇష్టమైతేనే, బలవంతం లేదు. ఆగస్టు 7న, అంతకుముందు ఏడాది రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా పోటీచేసిన సారా పేలిన్ ఫేస్‌బుక్‌లో దీన్ని మరణ మండలి చేసేశారు. ఎవరు బతకాలో అధికారులు తేలుస్తారన్నమాట. నిజనిర్ధారణ సంస్థ పొలిటిఫ్యాక్ట్ దాన్ని ఆ ఏటి మేటి అబద్ధంగా ప్రకటించింది. అయినా ఆ సెక్షన్ బిల్లులోంచి ఎగిరిపోయింది. 2016 జనవరి నుంచి మెడికేర్ అదే సంభాషణకు, చట్టం మార్చకుండా మామూలు నిబంధన ద్వారా, డబ్బు చెల్లిస్తోంది. ఒక్క ప్లకార్డు లేవలేదు.

అయితే ఉద్యమంలో ఉన్నదంతా అబద్ధమూ ద్వేషమూ అనుకుంటే అది మరో పొరపాటు. నాకు బీమా వద్దు అనే పౌరుడి చేత ప్రైవేటు కంపెనీ సరుకు కొనిపించి, కొనకపోతే జరిమానా వేసే అధికారం కేంద్రానికి ఉందా అన్నది గట్టి ప్రశ్న. సుప్రీంకోర్టు దాన్ని కొట్టిపారేయలేదు. 2012 జూన్ 28న 5–4 తేడాతో, జరిమానాను పన్నుగా పరిగణించి మాత్రమే నిలబెట్టింది. వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద చెల్లదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ స్పష్టంగా రాశారు. ఇక, మీ పాలసీ మీకు నచ్చితే దాన్నే ఉంచుకోవచ్చని ఒబామా పదేపదే హామీ ఇచ్చారు. 2013 చివర్లో లక్షలాది కుటుంబాలకు పాత పాలసీ రద్దయిందంటూ ఉత్తరాలు వచ్చాయి. కొత్త నిబంధనలకు అవి సరిపోలేదు. పొలిటిఫ్యాక్ట్ ఆ ఏటి మేటి అబద్ధం బిరుదు ఈసారి అధ్యక్షుడికి ఇచ్చింది. సభల్లో అరిచినవాళ్లు, మేం చెప్పలేదా అన్నారు. ఆ ఒక్క విషయంలో చెప్పారు మరి.

చట్టం మాత్రం 2010 మార్చి 21న 219–212 ఓట్లతో ప్రతినిధుల సభ గట్టెక్కి, 23న సంతకానికి నోచుకుంది. నవంబరులో డెమోక్రాట్లు ఆ సభలో 63 స్థానాలు పోగొట్టుకున్నారు.

రాష్ట్రాల బరిలో

2012 తీర్పులో ఇంకో భాగం ఉంది. పేదల మెడికెయిడ్‌ను విస్తరించమని కేంద్రం రాష్ట్రాలను బలవంతం చేయడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. దాంతో పోరు రాష్ట్ర రాజధానులకు మారింది, అక్కడ ఉద్యమకారులకు పని సులువైంది. కాంగ్రెస్ సభ్యుణ్ణి ఓడించాలంటే కోట్లు కావాలి. రాష్ట్ర సభ్యుణ్ణి భయపెట్టడానికి అతని ఊరి రేడియోలో కొన్ని ప్రకటనలు, కమిటీ గదిలో ఒకే రంగు టీషర్టులు చాలు.

టెనెసీలో జరిగింది ఇదే. అక్కడి రిపబ్లికన్ గవర్నర్ బిల్ హాస్లమ్ విస్తరణకు సొంత ప్రణాళిక తయారుచేసి 2015 ఫిబ్రవరిలో ప్రత్యేక సమావేశం పిలిచారు. ప్రజాదరణ ఉన్న గవర్నరు, రెండు సభల్లోనూ ఆయన పార్టీకి భారీ మెజారిటీ. ఎర్ర టీషర్టుల్లో వచ్చిన అమెరికన్స్ ఫర్ ప్రాస్పరిటీ కార్యకర్తలు శాసనసభ భవనంలో కుర్చీలు నింపారు. ఊగిసలాడుతున్న సభ్యుల పేర్లతో రేడియో ప్రకటనలు మోగాయి. సెనేట్ కమిటీ 7–4తో బిల్లును అక్కడే పాతిపెట్టింది. కేంద్రం డబ్బుతో బీమా దక్కాల్సిన లక్షలాది పేదలు ఆ గదిలో లేరు. ఉండరు కూడా, పనిరోజు కదా.

భయం వైపు మార్చుకున్న రోజు

2017లో ట్రంప్, రిపబ్లికన్ కాంగ్రెస్ కలిసి ఒబామాకేర్‌గా పేరుపడ్డ ఒబామా చట్టాన్ని రద్దు చేయబోయారు. ఇప్పుడు సమావేశాలకు జనం పోటెత్తింది రిపబ్లికన్ సభ్యుల ఊళ్లలో. యూటాలో జేసన్ చాఫెట్స్, కాలిఫోర్నియాలో టామ్ మెక్‌క్లింటాక్, ఆర్కన్సాలో టామ్ కాటన్ హోరును ఎదుర్కొన్నారు. ఇండివిజిబుల్ అనే బృందం ఇచ్చిన మార్గదర్శిని ఊరూరా పంచుకున్నారు. రాసింది కాంగ్రెస్‌లో పనిచేసిన మాజీ ఉద్యోగులు. 2009లో టీ పార్టీ తమ బాసులను ఎలా హడలెత్తించిందో చూసి నేర్చుకున్నామని దాచకుండా చెప్పారు.

వచ్చినవాళ్లు ఎక్కువగా పెట్టిన మొర, కొత్త హక్కు కావాలని కాదు. మా బిడ్డ క్యాన్సరుకు ఇప్పుడు బీమా ఉంది, దాన్ని తీసేయకండి అని. ఎనిమిదేళ్ల క్రితం ఒకరి కంచంలోంచి తీస్తారన్న భయమైతే, ఇప్పుడది మరొకరి కంచం. జూలై 28 తెల్లవారుజామున రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ బొటనవేలు కిందికి చూపడంతో రద్దు బిల్లు 49–51తో వీగిపోయింది.

ఆ తర్వాతిది ఇంకా ఆసక్తికరం. శాసనసభలు కదలని రాష్ట్రాల్లో సంతకాలు సేకరించి విస్తరణను నేరుగా ఓటర్ల ముందు పెట్టారు. 2017లో మెయిన్, మరుసటి ఏడాది ఐడహో, నెబ్రాస్కా, యూటా, 2020లో ఓక్లహోమా, మిసోరి. ఐడహోలో కార్యకర్తలు పాత క్యాంపింగ్ వాహనానికి ఆకుపచ్చ రంగేసి, మెడికెయిడ్ బండి అని పేరుపెట్టి మారుమూల కౌంటీల్లో తిప్పారు. 61 శాతం ఓట్లు వచ్చాయి. మిసోరిని చూడండి: 2010 ఆగస్టులో ఇదే రాష్ట్రంలో 71 శాతం ఒబామా చట్టంలోని నిర్బంధ బీమాను తిరస్కరించారు. పదేళ్ల తర్వాత 53 శాతం మెడికెయిడ్ విస్తరణను ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కించారు. నన్ను కొనమనకు, అవసరమైనవాడికి ఇవ్వు అంటే చాలామందికి అభ్యంతరం లేదన్నమాట.

అలాగని ఓటర్ల మనసు పూర్తిగా మారిందనుకోవడానికి లేదు. సౌత్ డకోటాలో 2022 నవంబరులో దాదాపు 56 శాతం విస్తరణకు ఓటేశారు. 2024 నవంబరులో అదే రాష్ట్రంలో దాదాపు అంతే శాతం, విస్తరణ కింద బీమా పొందేవాళ్లకు పని నిబంధన పెట్టడానికి అనుమతిచ్చారు. టీ పార్టీ వృద్ధులు గీసిన గీత, కష్టపడి సంపాదించుకున్నవాడు, ఊరికే తీసుకునేవాడు అన్న గీత, విస్తరణకు ఓటేసిన చేతుల్లో కూడా చెక్కుచెదరలేదు.

2025 జూలై 4న సంతకమైన కేంద్ర చట్టం ఇప్పుడు ఆ పని నిబంధనను మెడికెయిడ్ విస్తరించిన రాష్ట్రాలన్నిటికీ రుద్దింది. 2027 జనవరి 1 కల్లా అమలు మొదలవ్వాలి. మినహాయింపు లేని పెద్దలు నెలకు 80 గంటలు పనిచేసినట్టో, చదివినట్టో, సేవ చేసినట్టో కాగితం చూపించాలి. చూపించలేకపోతే కార్డు పోతుంది. ఎనభై ఏళ్లుగా ఈ దేశంలో కాంగ్రెస్ సభ్యుల సమావేశాలు హోరెత్తింది కార్డు ఇస్తామన్నప్పుడు తక్కువ, పోతుందన్నప్పుడు ఎక్కువ. నిబంధన పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలియక కాదు. అమలు తేదీని 2026 నవంబరు ఎన్నికల అవతల పెట్టింది అందుకేనేమో.